జాబ్ కార్డు (ఖమ్మం–భద్రాచలం ప్రాంతం)

జాబ్ కార్డు: జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం (2005) కింద గ్రామీణ కుటుంబాలకు జారీ అయిన, కూలీల పని, వేతన వివరాలు నమోదయ్యే పత్రం. 2006 ఫిబ్రవరి 2న పథకం మొదలైన తొలి 200 జిల్లాల్లో ఖమ్మం ఒకటి. భద్రాచలం అటవీ మండలాలు అప్పట్లో ఈ జిల్లాలోనివే.

ఏడాదికి 100 రోజుల వరకు లభించిన ఈ పథకం పనుల మస్టర్లు (హాజరు పట్టీలు), చెల్లింపులు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడగలిగేలా ఉంచారు. దొంగ మస్టర్లను పట్టే సామాజిక తనిఖీకి ఈ వివరాలే ఆధారం. అయితే కూలీల పేరు, ఊరు, పని చరిత్ర కూడా వీటితోపాటే బహిరంగమయ్యాయి.

ఇలాంటి వ్యక్తిగత వివరాలకు చట్టపరమైన రక్షణలు తర్వాత వచ్చాయి. ఆధార్ చట్టం (2016) సెక్షన్ 29 ఆధార్ సంఖ్యల బహిరంగ ప్రచురణను నిషేధించింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. వ్యక్తిగత వివరాల్లోని తప్పులను సరిచేయించుకునే హక్కును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో పొందుపరిచారు.