కొలనోస్కోపీ పూర్వశుద్ధి: విరేచన సంప్రదాయం నుంచి ఉద్దానం వరకు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెద్దప్రేగును లోపలి నుంచి పరీక్షించే కొలనోస్కోపీకి ముందు ప్రేగును పూర్తిగా శుభ్రపరచడం తప్పనిసరి. ఈ పూర్వశుద్ధి పద్ధతుల పరిణామాన్ని ఆయుర్వేద విరేచన విధానంతో పోల్చి పరిశీలించడం, మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతానికి ఆ చరిత్ర ఏ విధంగా వర్తిస్తుందో వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విరేచనం, కోష్ఠం, కొలనోస్కోపీ, పాలీఇథిలీన్ గ్లైకాల్, సోడియం ఫాస్ఫేట్, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

ఆయుర్వేదంలో ‘విరేచనం’ చికిత్సను తెలిపే పదం. నేటి వాడుకలో ‘విరేచనాలు’ వ్యాధిని తెలిపే పదం. ఉత్తరాంధ్రలో ఈ రెండో అర్థానికే బలం ఎక్కువ. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణనష్టం కలిగించిన ఉదంతం ఇంకా పాతబడలేదు. అటువంటి ప్రాంతంలో కొలనోస్కోపీకి సిద్ధమయ్యే రోగిని వైద్యుడు మందు తాగి కావాలనే విరేచనాలు చేసుకొమ్మంటాడు. రోగికి కలిగే జంకును అజ్ఞానంగా కొట్టిపారేయడానికి వీలులేదు. ఒంట్లోని నీరు, లవణాలు పోతే ఏమవుతుందో అతడు చూసి ఉన్నాడు. ఆ భయానికి వైద్యచరిత్రలోనూ ఆధారం ఉంది.

2. ఆయుర్వేదంలో విరేచన విధానం

చరకసంహితలోని కల్పస్థానం పన్నెండు అధ్యాయాలలో ఆరు వమన ద్రవ్యాలకు, ఆరు విరేచన ద్రవ్యాలకు కేటాయించబడ్డాయి. అందులో 245 విరేచన యోగాలు చెప్పబడ్డాయి. సుఖవిరేచనానికి తెల్లతెగడ, మృదువిరేచనానికి రేల, తీక్ష్ణవిరేచనానికి జెముడుపాలు శ్రేష్ఠమని సూత్రస్థానం నిర్ణయించింది. ద్రవ్యాన్ని ఎంచుకొనే ముందు రోగి కోష్ఠం మృదువా, మధ్యమమా, క్రూరమా అని వైద్యుడు పరీక్షించాలి. రోగి బలాన్నీ, వయస్సునూ గమనించాలి. ముందుగా స్నేహన స్వేదనాలు, తరువాత విరేచనం, ఆపై పేయ, విలేపి వంటి తేలికపాటి ఆహారంతో క్రమంగా మామూలు భోజనానికి రావడం దీని విధి. పేయ అంటే మన ఇళ్ళలోని పల్చని గంజి వంటిదే. శుద్ధి సరిగా జరిగిందనడానికి మలం, పిత్తం, కఫం వరుసగా వెలువడడాన్ని గుర్తుగా చెప్పారు.

తెలుగు ఇళ్ళలో ఈ శాస్త్రవిధి సంక్షిప్తమై ఆముదం పట్టించడంగా, భేదిమందుగా మిగిలింది. ద్రవ్యం నిలిచింది గాని, దానికి ముందు చేయవలసిన పరీక్ష చాలావరకు జారిపోయింది.

3. చికిత్స నుంచి దర్శనానికి

న్యూయార్క్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రిలో విలియం వోల్ఫ్, హిరోమీ షిన్యా 1969లో కొలనోస్కోప్ ద్వారా పాలిప్‌ను తొలగించారు. దీనితో ప్రేగుశుద్ధి ప్రయోజనం మారింది. ఆయుర్వేదంలో దోషనిర్హరణం శుద్ధికి ఫలం. ఇక్కడ శుద్ధి స్వయంగా చికిత్స కాదు. గోడ స్పష్టంగా కనిపించడానికి చేసే ఏర్పాటు మాత్రమే. మలం మిగిలితే చిన్న పాలిప్ కంటబడదు. ఆ తప్పిన పాలిప్ తరువాత క్యాన్సర్‌గా మారవచ్చు.

శుభ్రత కోసం సాగిన ప్రయత్నాలు ప్రమాదాలనూ వెంట తెచ్చాయి. ఉప్పునీటితో ప్రేగును కడిగే పద్ధతిలో నీరూ సోడియమూ ఒంట్లోకి ఇంకిపోయేవి. మానిటాల్ అనే చక్కెర పదార్థాన్ని ప్రేగులోని సూక్ష్మజీవులు పులియబెట్టగా మండే వాయువు పుడుతుంది. మానిటాల్‌తో సిద్ధపరచిన ఒక రోగికి విద్యుత్తుతో పాలిప్ తీస్తుండగా ప్రేగులో పేలుడు జరిగి మరణం సంభవించిందని 1979లో ఫ్రెంచి వైద్యులు ప్రకటించారు.

1980లో అమెరికాలో డేవిస్, ఫోర్డ్‌ట్రాన్ బృందం పాలీఇథిలీన్ గ్లైకాల్, సోడియం సల్ఫేట్ ప్రధానంగా గల ద్రావణాన్ని రూపొందించింది. దీని ప్రత్యేకతను అతిసారంలో ఇచ్చే ఓఆర్‌ఎస్‌తో పోల్చి గ్రహించవచ్చు. ఓఆర్‌ఎస్‌లోని గ్లూకోజు సోడియాన్నీ, దానితోపాటు నీటినీ లోపలికి తీసుకుపోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో దిలీప్ మహలనబిస్ వేలాదిమంది కలరా రోగులకు వాడి చూపినది ఈ సూత్రాన్నే. ఫోర్డ్‌ట్రాన్ బృందానికి కావలసింది దీనికి విరుద్ధం. నీరు లోపలికి ఇంకకూడదు, ఒంట్లోని నీరు బయటికి పోకూడదు. తాగినది ప్రేగును కడుగుతూ అలాగే వెలుపలికి రావాలి. అందుకే అందులో గ్లూకోజు లేదు. క్లోరైడుకు బదులు చాలావరకు సల్ఫేట్ చేరింది.

అయితే నాలుగు లీటర్లు తాగడం రోగికి కష్టం. అందుచేత 1990 దశకంలో కొద్ది పరిమాణంతో పనిచేసే సోడియం ఫాస్ఫేట్‌కు ఆదరణ పెరిగింది. ఆ సౌకర్యానికి మూల్యం తరువాత తెలిసింది. ఫాస్ఫేట్, కాల్షియంతో కలిసి మూత్రపిండ నాళికలలో పేరుకొని, శాశ్వత నష్టం కలిగించిన 21 మంది రోగుల వివరాలను మార్కోవిట్జ్ బృందం 2005లో ప్రచురించింది. 2008 డిసెంబరులో అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ ఈ మందులపై తీవ్రమైన హెచ్చరిక జారీ చేసింది.

4. ఉద్దానం సందర్భం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలతో కూడిన ఉద్దానం కొబ్బరి, జీడి, పనస తోటల నేల. కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి అక్కడ దశాబ్దాలుగా కుటుంబాలను కుంగదీస్తున్నది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభం కావడం సమస్య తీవ్రతకు నిదర్శనం. తొలిదశలో ఈ వ్యాధి బయటి లక్షణాలేవీ చూపకపోవచ్చు. కనుక ఆరోగ్యవంతుడిగా కనిపించే వ్యక్తికి కూడా ఫాస్ఫేట్ మందు హాని చేయగలదు. నొప్పి మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయించే మందులు, కొన్ని రక్తపోటు మందులు వాడేవారికి ఆ ప్రమాదం మరింత పెరుగుతుంది.

పూర్వశుద్ధి సూచనల్లోని ఆహారమూ స్థానికంగా ఆలోచించదగినదే. పీచు, గింజలు వద్దంటే చోడంబలి, పనస, ఆకుకూరలు ఆ రోజుల్లో మానాలని అర్థం. తేటగా ఉండే పానీయాలు తాగవచ్చంటే ఇక్కడివారికి ముందుగా తోచేది కొబ్బరినీరు. కాని అందులో పొటాషియం అధికం. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి అది గుండె లయను చెరపగలదు. మరొకచోట నిరపాయమైన సలహా ఉద్దానంలో అపాయం కావచ్చు. అందుకే మందు రాసే ముందు రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించడం, ఫాస్ఫేట్‌ను, మెగ్నీషియం ఉన్న మందులను మానుకొని పాలీఇథిలీన్ గ్లైకాల్‌ను ఎంచుకోవడం, డయాలసిస్ రోగులకు నీటి పరిమాణాన్ని వైద్యుడే నిర్ణయించడం అవసరం.

5. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• ఆయుర్వేద విరేచనానికీ కొలనోస్కోపీ పూర్వశుద్ధికీ లక్ష్యం వేరు. మొదటిది చికిత్స, రెండోది దర్శనానికి సాధనం. ఒకదాని నుంచి మరొకటి పుట్టిందని చెప్పడం సరికాదు.

• ఆధునిక పూర్వశుద్ధి చరిత్రలో ప్రతి మలుపునూ ఒక హాని నిర్దేశించింది. ‘ఎంత శుభ్రపరుస్తుంది’ అనే ప్రశ్నకు ‘ఎవరికి ఇస్తున్నాము’ అనే ప్రశ్న ఆలస్యంగా తోడైంది.

• ఆ రెండో ప్రశ్న కోష్ఠపరీక్ష రూపంలో చరకసంహితలో ముందే ఉంది. రెండు విధానాల మధ్య గుర్తించదగిన సామ్యం ఇదే.

• ఉద్దానంలో ఆ ప్రశ్న ఒక రక్తపరీక్ష రూపం ధరించవలసి ఉంది. ప్రేగును కాపాడే పరీక్ష మూత్రపిండాన్ని బలి తీసుకోకుండా ఉండడానికి అదే తొలి మెట్టు.