రాజీ కుదిరాక ఎవరి వాటా ఎంత?

2016 జులై 6న ఫాక్స్ న్యూస్ మాజీ యాంకర్ గ్రెచెన్ కార్ల్‌సన్, ఆ ఛానల్ అధిపతి రోజర్ ఐల్స్ మీద లైంగిక వేధింపుల దావా వేశారు. ఐల్స్ ఆరోపణల్ని ఖండించారు. అయినా రెండు వారాలకే కుర్చీ దిగాల్సి వచ్చింది. సెప్టెంబరులో రాజీ కుదిరింది. పత్రికల కథనాల ప్రకారం ఆమెకు ముట్టింది 2 కోట్ల డాలర్లు. కుర్చీ దిగినందుకు ఐల్స్‌కు దక్కింది 4 కోట్లు.

ఫాక్స్ మాతృసంస్థ ఆమెకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ఇలాంటి కేసుల్లో అది అరుదు. కానీ తనకు జరిగింది తన నోటితో చెప్పుకునే హక్కును కార్ల్‌సన్ వదులుకోవలసి వచ్చింది. మరి గెలిచిందెవరు? డబ్బు చూస్తే ఒక జవాబు, షరతులు చూస్తే ఇంకో జవాబు. రెండూ కలిపి చూడాలంటే అమెరికాలో ఈ రాజీల పద్ధతి ఎలా పుట్టిందో, ఎలా పెరిగిందో తెలియాలి.

బేరానికి బలం లేని రోజులు

1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించింది గానీ, లైంగిక వేధింపు ఊసెత్తలేదు. వేధింపు కూడా వివక్షేనని 1979లో న్యాయశాస్త్రవేత్త క్యాథరిన్ మెకినన్ తన పుస్తకంలో వాదించారు. మరుసటి ఏడాది సమాన ఉద్యోగావకాశాల కమిషన్ మార్గదర్శకాలు ఆ దారినే నడిచాయి. 1986లో మిషెల్ విన్సన్ అనే బ్యాంకు ఉద్యోగిని కేసులో సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది. అయితే ఆ చట్టం కింద కేసు గెలిచినా వచ్చేది పోయిన జీతం, పోయిన ఉద్యోగం మాత్రమే. బాధకు పరిహారం లేదు, జ్యూరీ లేదు. ఓడితే పోయేది పెద్దగా లేని యజమాని రాజీకి ఎందుకొస్తాడు?

1991లో తూకం మారింది. సుప్రీంకోర్టుకు నామినేట్ అయిన క్లారెన్స్ థామస్ తనను వేధించారంటూ, ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన అనిటా హిల్ సెనేట్ కమిటీ ముందు చెప్పిన సాక్ష్యాన్ని దేశమంతా టీవీల్లో చూసింది. ఆరోపణల్ని ఖండించిన థామస్ న్యాయమూర్తి అయ్యారు. కానీ కొద్ది వారాలకే వచ్చిన కొత్త పౌరహక్కుల చట్టం జ్యూరీ విచారణకూ పరిహారానికీ తలుపు తీసింది. కంపెనీ ఎంత పెద్దదైనా ఆ పరిహారం 3 లక్షల డాలర్లు దాటకూడదని పరిమితి పెట్టింది. మరి ప్రముఖుల రాజీలు కోట్లలోకి ఎలా వెళ్లాయి? కొన్ని రాష్ట్రాల చట్టాల్లో ఆ పరిమితి లేకపోవడం ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. స్టార్ విషయంలో కంపెనీ భయం కోర్టు వేసే మొత్తం గురించి కాదు, ఆ పేరు చూసి వచ్చే ప్రకటనల గురించి.

యజమానులూ ఊరుకోలేదు. ఉద్యోగుల దావాల ఖర్చు భరించే ప్రత్యేక బీమా పాలసీలు కొన్నారు. వివాదం వస్తే కోర్టుకు వెళ్లకుండా తలుపులు మూసుకుని మధ్యవర్తి ముందు తేల్చుకోవాలనే నిబంధనను ఉద్యోగ ఒప్పందాల్లో చేర్చారు. 1991, 2001 తీర్పుల్లో సుప్రీంకోర్టు అలాంటి నిబంధనలకు బలం చేకూర్చింది. కార్ల్‌సన్ ఒప్పందంలోనూ ఈ నిబంధన ఉంది. దాన్ని తప్పించుకోవడానికే ఆమె లాయర్లు ఛానల్‌ను వదిలి ఐల్స్ ఒక్కరి మీదే దావా వేశారు.

క్లింటన్ నుంచి ఓరైలీ దాకా

బిల్ క్లింటన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు అర్కాన్సా రాష్ట్ర ఉద్యోగినిగా ఉన్న పౌలా జోన్స్, ఆయన అధ్యక్షుడయ్యాక 1994లో ఆయన మీద వేధింపుల దావా వేశారు. 1998 ఏప్రిల్‌లో జడ్జి దాన్ని కొట్టేశారు. అప్పీలు నడుస్తుండగా నవంబరులో 8.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. క్షమాపణ లేదు, తప్పు ఒప్పుకోవడం లేదు. సొమ్ములో కొంత బీమా కంపెనీ కట్టింది. ఎక్కువ భాగం లాయర్ల ఫీజులకు పోయింది.

మామూలుగా ఇలాంటి కేసుల్లో లాయరు ముందుగా ఏమీ తీసుకోడు, వచ్చిన దాంట్లో మూడో వంతో అంతకంటే ఎక్కువో తీసుకుంటాడు. మిగిలిన దాని మీద పన్ను ఉంటుంది. మానసిక వేదనకు వచ్చే పరిహారాన్ని 1996 నుంచి అమెరికా చట్టం ఆదాయంగానే చూస్తోంది. కంపెనీ మాత్రం 2017 చివరిదాకా, తాను చెల్లించిన మొత్తాన్ని వ్యాపార ఖర్చుగా రాసుకుని పన్ను తగ్గించుకునేది. నోరు మూయించిన వాళ్లకు పన్ను మినహాయింపు, నోరు మూసుకున్న వాళ్లకు పన్ను.

2004లో ఫాక్స్ వ్యాఖ్యాత బిల్ ఓరైలీ మీద ఆయన కార్యక్రమంలో ప్రొడ్యూసర్‌గా పనిచేసిన ఆండ్రియా మాక్రిస్ దావా వేశారు. తనను బెదిరించి డబ్బు గుంజాలని చూస్తున్నారంటూ ఆయనా అదే రోజు ఎదురు దావా వేశారు. వారాల్లోనే దాదాపు 90 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందరూ మరిచిపోయారు. షరతులు మాత్రం 2018లో కోర్టు పత్రాలతో బయటపడ్డాయి. ఆమె తన దగ్గరున్న సాక్ష్యాలు అప్పగించాలి. అవి ఎప్పుడైనా బయటికొస్తే నకిలీవని చెప్పాలి. ఇక ఆమె లాయరు, ఇలాంటి విషయాల్లో ఓరైలీకే సలహాలివ్వడానికి ఒప్పుకున్నారు. ఇంత కట్టుదిట్టం ఫలితంగా ఓరైలీ మరో పన్నెండేళ్లకు పైగా తెర మీదే ఉన్నారు. 2017 జనవరిలో మరో మహిళతో 3.2 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాక కూడా ఏడాదికి 2.5 కోట్ల జీతంతో ఒప్పందం కొనసాగింది. న్యూయార్క్ టైమ్స్ పాత రాజీల చిట్టా ప్రచురించి, ప్రకటనదారులు జారుకున్నాకే, ఆ ఏప్రిల్‌లో ఛానల్ ఆయన్ని వదులుకుంది. ఆయన మాత్రం ఏ తప్పూ చేయలేదనే చెబుతూ వచ్చారు.

డబ్బు కోసం కాకుండా మార్పు కోసం రాజీ పడిన వాళ్లూ ఉన్నారు. 1998లో లండన్‌లో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్ సహాయకురాలు జెల్డా పెర్కిన్స్, మరో సహోద్యోగిని కలిసి 2.5 లక్షల పౌండ్లకు ఒప్పందం చేసుకున్నారు. వైన్‌స్టీన్ చికిత్స తీసుకోవాలని, మళ్లీ ఇలాంటి ఫిర్యాదు వస్తే కంపెనీ కఠినంగా వ్యవహరించాలని పెర్కిన్స్ పట్టుబట్టి రాయించారు. కానీ ఆ కాగితం ప్రతి కూడా ఆమె దగ్గర ఉంచుకోవడానికి వీల్లేదు. బయట ఎవరికీ చెప్పకూడని షరతు అమలవుతోందో లేదో అడిగేదెవరు? సంస్కరణ కోరిన వాక్యాల్ని, మౌనం కోరిన వాక్యాలే చంపేశాయి.

2017 తర్వాత

వైన్‌స్టీన్ కనీసం ఎనిమిది మందితో రాజీ పడ్డాడని 2017 అక్టోబరు 5న న్యూయార్క్ టైమ్స్ రాసింది. అదే నెల పెర్కిన్స్ ఒప్పందాన్ని ధిక్కరించి మాట్లాడారు. ఆ తర్వాత చట్టాలు వరుస కట్టాయి. గోప్యత షరతున్న లైంగిక వేధింపుల రాజీలకు ఆ డిసెంబరులోనే పన్ను మినహాయింపు తీసేశారు. గోప్యత ఫిర్యాదుదారు కోరితేనే ఉండాలని, ఆలోచించుకోవడానికి ఆమెకు 21 రోజులు, మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలని న్యూయార్క్ 2018లో చట్టం చేసింది. కోర్టుకెక్కిన కేసుల్లో వాస్తవాల్ని దాచే ఒప్పందాలను కాలిఫోర్నియా 2019 నుంచి నిషేధించింది. 2022లో ఫెడరల్ చట్టం, కార్ల్‌సన్ వ్యతిరేకంగా పోరాడిన నిర్బంధ మధ్యవర్తిత్వాన్ని లైంగిక వేధింపుల కేసుల్లో తొలగించింది. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఇంకో చట్టం వివాదానికి ముందే రాయించుకునే గోప్యత ఒప్పందాలు చెల్లవంది. వివాదం వచ్చాక, రాజీ వేళ రాయించుకునే వాటి జోలికి మాత్రం పోలేదు.

డబ్బు లెక్క కూడా ఏమంత మారలేదు. దివాలా తీసిన వైన్‌స్టీన్ కంపెనీ నుంచి 2021లో బాధితులకు కేటాయించిన 1.7 కోట్ల డాలర్లు వచ్చింది బీమా నుంచే. ఎదురు దావాలూ ఆగలేదు. 2024 డిసెంబరులో నటి బ్లేక్ లైవ్లీ వేసిన దావాకు జవాబుగా దర్శకుడు జస్టిన్ బాల్డోనీ పక్షం 40 కోట్ల డాలర్ల దావా వేసింది. 2025 జూన్‌లో జడ్జి దాన్ని కొట్టేశారు.

మన చట్టం దారి వేరు

పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద మన సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు పునాదిగా వచ్చిన 2013 చట్టం, డబ్బును రాజీకి ఆధారం చేయకూడదని పదో సెక్షన్‌లో తేల్చి చెప్పింది. మహిళ కోరితే సామరస్యంగా పరిష్కరించవచ్చు గానీ, సొమ్ము చూపి కాదు. మంచి నియమమే. కానీ డబ్బును ఆపినంత మాత్రాన మౌనం ఆగదు. 2018లో తెలుగు సినీ పరిశ్రమలో వేధింపుల మీద నిరసన రేగాక తెలంగాణ ప్రభుత్వం 2019లో కమిటీ వేసింది. ఆ నివేదికను బయటపెట్టమని నటి సమంత 2024 ఆగస్టులో కూడా అడగాల్సి వచ్చింది. అమెరికాలో కంపెనీలు కోట్లు పోసి కొన్న మౌనం ఇక్కడ పైసా ఖర్చు లేకుండా దొరికింది.

ఈ ముప్పై ఏళ్లలో ప్రతి రాజీలోనూ ఎంతో కొంత లాభపడింది లాయర్లు, స్టార్లు, వాళ్లను నిలబెట్టుకున్న సంస్థలు. ఫిర్యాదు చేసిన మహిళ కొన్నిసార్లు గెలిచింది, కొన్నిసార్లు అప్పులు తీర్చుకుని బయటపడింది. గోప్యతను ఆమే కోరుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి సాగే విచారణ, పత్రికల వేట తప్పించుకోవాలనుకోవడం తప్పు కాదు. నిలకడగా ఓడింది మాత్రం ఆ ఒప్పందంలో పేరు లేని మనిషి, అదే ఆఫీసులో ఆమె తర్వాత చేరిన ఉద్యోగిని. ఆ ఉద్యోగినికి మేలు జరిగింది పెద్ద మొత్తం చేతులు మారినప్పుడు కాదు, ఎవరో ఒకరు ఒప్పందాన్ని దాటి మాట్లాడినప్పుడు. అందుకే చట్టం ముందుగా చూడాల్సింది పరిహారం అంకె కాదు. మాట్లాడాలో వద్దో నిర్ణయించే హక్కు ఫిర్యాదు చేసిన మనిషి చేతిలోనే, రాజీ తర్వాత కూడా ఉందా లేదా అన్నది.