ఎక్కుటకును దిగుటకును ఒక్క జత: టెలిమార్క్ స్కీల చరిత్ర

హిమపాతమెరుగని సీమలో మంచుపై జారు సాధనముల ప్రసక్తి యేలయని శ్రీకాకుళ, విజయనగర మండలముల పాఠకులు అడుగవచ్చును. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తున నిలిచియున్నను, పుష్యమాసపు చలిలో సైతము అచ్చట కనబడునది పొగమంచే. అయినను ఈ మండలముల పల్లెలనుండి సైన్యమున చేరి, కాశ్మీరమున కొలువుచేసి, సెలవుపై వచ్చినప్పుడు అరుగుపై కూర్చుండి మంచుకొండల ముచ్చటలు చెప్పినవారు తరతరములుగా ఎందరో కలరు. 1948 డిసెంబరులో సేనాని తిమ్మయ్య గుల్మార్గులో నెలకొల్పిన స్కీ పాఠశాలయే నేటి ఉన్నత పర్వత యుద్ధ విద్యాలయమునకు బీజము. ఆ గుల్మార్గుననే నేడు వినోదార్థము పోవు యువకులకు ఒక సందేహము కలుగుచున్నది: యంత్రము పైకి చేర్చిన పిదప చదునుచేసిన వాలుపై దిగుటకును, దారిలేని కొండను స్వశక్తితో ఎక్కి అవతలి లోయలోనికి దిగుటకును ఒక్క జత స్కీలు చాలునా? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము అంగడిలోకన్న చరిత్రలోనే స్పష్టముగా దొరకును.

నార్వే దేశమున టెలిమార్క్ అను మండలము కలదు. అందలి మోర్గెదాల్ గ్రామమున 1825లో జన్మించిన సోంద్రే నూర్‌హైమ్ సొంతభూమి లేని నిరుపేద కౌలుదారు. ఆ కాలపు స్కీ యనగా పొడవైన తిన్నని చెక్క. పాదముయొక్క మునివేళ్ళను ఒక తోలుపట్టెలో దూర్చుటయే గాని వేరు బంధము లేకుండుటచేత, మలుపున గాని దూకుడున గాని అది కాలినుండి ఊడిపోవుచుండెను. నూర్‌హైమ్ లేత కొమ్మలను మెలిపెట్టి మడమ చుట్టును బిగించెను. దానివలన పాదము స్కీని వీడకుండెను, మడమ మాత్రము స్వేచ్ఛగా పైకి లేచుచుండెను. స్కీ పొడవు తగ్గించి, నడుమ సన్నముగాను కొనలయందు వెడల్పుగాను చెక్కుట ఆయన ఖ్యాతికి రెండవ కారణము. అట్టి స్కీని ప్రక్కకు వాల్చి బరువుమోపినచో వంగిన అంచు తనంతట తానే మంచుపై వలయమును గీయును.

మడమ విడిచిన ఆ పాదమునుండియే టెలిమార్క్ మలుపు పుట్టినది. తిరుగునప్పుడు వెలుపలి పాదము ముందునకు జారును. లోపలి పాదము వెనుకబడి మడమ లేచును. మోకాళ్ళు రెండును వంగును. స్కీలు ఒకదానివెనుక నొకటిగా నిలిచి ఒక్కటే దీర్ఘవక్రరేఖయై కొండను చుట్టును. 1868లో నలువది రెండేండ్ల వయస్సున నూర్‌హైమ్ మోర్గెదాల్‌నుండి రాజధానియైన క్రిస్టియానియావరకు స్కీలపైననే పయనించి, అచ్చటి పోటీలో యువకులను మించి ప్రథముడయ్యెను. దూరము నడచిన జతయే పందెమున దూకిన జత కావలెను. వేరొక జతను కొనుటకు ఆయనకు స్తోమత యెక్కడిది? ఆయన 1884లో అమెరికాకు వలసపోయి 1897లో ఉత్తర డకోటాలో మరణించెను. 1952 ఓస్లో శీతకాల ఒలింపిక్సు జ్యోతిని ఆయన ఇంటి పొయ్యినుండి వెలిగించి ఆ దేశమువారు ఋణము తీర్చుకొనిరి.

అదే గ్రామమువాడైన ఊలవ్ బ్యోలాండ్ అనువాడు అముండ్సెన్ వెంట 1911 డిసెంబరు 14న దక్షిణధ్రువమును చేరిన ఐదుగురిలో ఒకడు. అతడు వడ్రంగి. ధ్రువయాత్రకు ముందు శిబిరపు దీర్ఘరాత్రిలో కూర్చుండి బండ్ల చెక్కలను చిత్రికపట్టి పట్టి వాటి బరువును చాలవరకు తగ్గించెను. ఎవరి శక్తితో వారు మోయవలసినచోట, లాగవలసినచోట లాఘవమే ప్రాణమని ఆ లోయవారికి ఒకరు చెప్పవలసిన పని లేకుండెను.

ఒక్కటిగానున్న ఈ విద్యను రెండుగా చీల్చినది యంత్రము. 1934లో స్విట్జర్లాండులోని దావోస్‌లో స్కీ ధరించినవారిని కొండపైకి లాగు తాటియంత్రము, 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో కుర్చీయంత్రము వెలసినవి. ఎక్కు శ్రమ తప్పిన పిమ్మట మడమను కట్టివేసినను నష్టము లేదయ్యెను. బరువైన స్కీ, గట్టి బూటు, ఉక్కు అంచు దిగువారికి ధైర్యమిచ్చినవి. మరొక వంక 1927లో బ్రోర్ విత్ అను నార్వేవాడు కల్పించిన రొట్టెఫెల్లా బంధము, బూటు కొనను మూడు మేకులపై బిగించి, మడమను విడిచిపెట్టి, సుదూర ప్రయాణికులకు తోడైనది. 1970వ దశకమున కొలరాడోలోని క్రెస్టెడ్ బ్యూట్ యువకులు కొందరు ఆ తేలిక జతలతోనే నిటారు వాలులపై దిగజొచ్చి మరచిపోయిన మలుపును పునరుద్ధరించిరి. 1992లో స్కార్పా సంస్థ ప్లాస్టిక్ బూటును, 2007లో రొట్టెఫెల్లావారు నూతన టెలిమార్క్ ప్రమాణమను బంధపద్ధతిని తెచ్చిన పిదప పాదమునకు పట్టు హెచ్చినది. దానితోపాటు కాలిపై బరువును హెచ్చినది.

ఇక ఎంపిక మాట. కళింగపట్నము, బారువ రేవులయందు పూర్వము ఓడలు దూరమున లంగరువేయగా, కెరటములను దాటి సరకు తెచ్చిన మసూలా పడవలకు మేకులు లేవు. పలకలను కొబ్బరితాటితో కుట్టుటచే అవి అలతాకిడికి వంగి ఓర్చుకొనుచుండెడివి. టెలిమార్క్ స్కీకి కావలసినది ఆ గుణమే. వెనుకకాలి బరువు మునిపాదముపైననే పడుటచేత, మరీ బిగిసిన స్కీ వెనుక వంగక మొండికేయును. మరీ మెత్తనిది గట్టిమంచుపై కంపించును. కొనలనుండి నడుమవరకు క్రమముగా, సమముగా వంగునదియే మేలు. నేడు చాలమంది సామాన్య పర్వత స్కీనే కొని దానిపై టెలిమార్క్ బంధము బిగించుకొనుచున్నారు. కావున లేచు మడమ లాగుడుకు మరలు ఊడకుండునట్లు లోపల దిట్టమైన పలక యున్నదా యని విచారించి మరీ కొనవలెను.

స్కీపై ముద్రించిన మూడు అంకెలు కొన, నడుము, తోకల వెడల్పును మిల్లీమీటర్లలో తెలుపును. 124-92-112 యని యున్నచో మధ్య అంకెయే ముఖ్యము. డెబ్బదికి చేరువనున్న నడుము గట్టిపడిన వాలుపై అంచును చురుకుగా మార్చును. నూటపది దాటినది లోతైన పొడిమంచుపై తేలును. రెంటికిని కావలెనన్నచో ఎనుబదియైదు మొదలు నూటివరకు చూడవలెను. బరువు విషయమున కిలోన్నరకు అటునిటుగానున్న ఒక్కొక్క స్కీ మధ్యమార్గము: కిలోంబావు దానికి చెడిన మంచుపై స్థిరత్వము చాలదు, రెండు కిలోలది ఎక్కువేళ తొడలను క్రుంగదీయును. స్కీ అడుగున అంటించు చర్మపట్టీని గుర్తుంచుకొనవలెను. ముందునకు జారనిచ్చి వెనుకకు జారనీయని రోమములు గల ఆ పట్టీతోనే ఎక్కుట సాధ్యము. శిఖరమున దానిని పెరికి, మడచి, సంచిలో పెట్టి దిగవలెను. ఎక్కువేళ బూటు కొన సూదుల నడుమ నిరాటంకముగా తిరుగు బంధమైనచో ప్రతి అడుగున మడమ ఎత్తుటకు స్ప్రింగుతో పోరాడవలసిన పని తప్పును.

అన్నియు ఒక్కదానియందే కోరినవాడు రెంటికి చెడిన రేవడి యగునని భయపడనక్కరలేదు. నూర్‌హైమ్ జత మొదటినుండియు రెండు పనులకును పుట్టినదే. అయితే రోజులలో అధికభాగము ఎచ్చట గడచునో ముందుగా నిశ్చయించుకొనవలెను. గుల్మార్గులో గొండోలా అఫర్వట్ శిఖరపు దాపువరకు, సుమారు 3,900 మీటర్లకు చేర్చును. అచ్చట చదునుచేసిన వాలునకు, కాపలాలేని లోయలకు నడుమ దూరము స్వల్పము. బరువును యంత్రము మోయుచున్నంతసేపు తేలిక జతకు వాటిల్లు లోపము కొద్దిపాటి వణుకు మాత్రమే. మనమే మోయవలసివచ్చినప్పుడు బరువు జతకు వాటిల్లు లోపము ఆయాసము, ఆయాసమువలన కలుగు తప్పుడు నిర్ణయము. కాబట్టి సందేహము తీరనప్పుడు లాఘవమునే వరించుట యుక్తము. అంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి కలదు: మంచుచరియ విరిగిపడినప్పుడు ఏ జతయు ఆదుకొనదు. స్కీలకై కూడబెట్టిన సొమ్ములో కొంత, పూడిపోయినవారిని కనిపెట్టు ప్రసారయంత్రమునకు, గుచ్చి వెదకు కడ్డీకి, పారకు, వాటిని వాడు శిక్షణకు ముందుగా కేటాయించి, మిగిలినదానితో జతను కొనుటయే ఉచితమైన క్రమము.