పరుగు పొద్దునకెలా చేరింది?

1954 మే 6. సాయంత్రం ఆరు దాటింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఇఫ్లీ రోడ్ ట్రాక్ మీద రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. మైలును నాలుగు నిమిషాల లోపు ముగించిన మొదటి మనిషి ఆయనే. ఇంతటి ఘనత వెనక కోడి కూయకముందే లేచిన కథ ఏదో ఉంటుందనిపిస్తుంది. అదేమీ లేదు. అప్పటికి ఆయన లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో వైద్య విద్యార్థి. మధ్యాహ్నం భోజనానికి వదిలినప్పుడు పాడింగ్టన్ ట్రాక్‌కు వెళ్లి, చెమటలు కక్కేలా కాసేపు పరుగెత్తి, మళ్లీ వార్డుకి వచ్చేవాడు. రికార్డు కొట్టిన రోజు కూడా పొద్దున ఆసుపత్రికి వెళ్లాకే ఆక్స్‌ఫర్డ్ రైలెక్కాడు.

ఎమిల్ జాటోపెక్‌దీ అలాంటి కథే. చెకోస్లొవేకియాలోని జ్లీన్‌లో బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఈ కుర్రాడు తర్వాత సైన్యంలో చేరాడు. రాత్రిళ్లు బరువైన బూట్లతో, చేతిలో టార్చిలైటుతో అడవి దారుల్లో పరుగెత్తాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో 5000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాన్ మూడింటా స్వర్ణాలు గెలిచాడు.

ఆ మాటకొస్తే శరీరం కూడా పొద్దున్నే పరుగెత్తమని చెప్పదు. ఒంటి వేడి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. సాయంత్రానికి పెరుగుతుంది, కండరాలు అప్పుడే బాగా సాగుతాయి. మరి సైన్స్ సాయంత్రం మేలంటుంటే, ఇవాళ హైదరాబాద్ నుంచి ఆక్లాండ్ దాకా లక్షల మంది చీకట్లో బూట్ల లేసులు ఎందుకు కట్టుకుంటున్నారు?

దీనికి జవాబు ఆటల చరిత్రలో కంటే ఉద్యోగాల చరిత్రలోనే ఎక్కువ దొరుకుతుంది.

పల్లెలో వేకువనే లేవడం ఎవరూ అలవాటు చేసుకున్న పని కాదు. పాలు పితకాలి, పశువులకు మేత వేయాలి, ఎండెక్కకముందే మడి దున్నాలి. మూడో జాముకి లేచి ఇంతా చేసే మనిషితో ‘ఊరి చుట్టూ ఓ నాలుగు కిలోమీటర్లు పరుగెత్తరాదూ’ అంటే ఎగాదిగా చూస్తాడు. ఒంటిని సానబెట్టడానికే చీకట్లో లేచినవాళ్లు ఉండేవారు గానీ, వాళ్లు తాలింఖానాల్లో కుస్తీ, కసరత్తు చేసే పహిల్వాన్లు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో పేరు తెచ్చుకున్న కోడి రామమూర్తి నాయుడు ఆ సంప్రదాయంలోవాడే. వాళ్లవి గోదాలో గుంజీలు, దండేలు. రోడ్డు మీద పరుగు వాళ్లకు పట్టలేదు.

గడియారం చూసి లేవాల్సిన అవసరం ఫ్యాక్టరీలతో వచ్చింది. అలారం కొనలేని కార్మికుల కోసం బ్రిటన్ మిల్లు పట్టణాల్లో ఒక వృత్తే పుట్టింది. ‘నాకర్ అప్’ అని పిలిచే మనిషి పొడవాటి వెదురుగడ పట్టుకుని తెల్లవారకముందే వీధులన్నీ తిరిగేవాడు. మేడ మీది కిటికీ అద్దాన్ని గడ కొసతో టకటకా కొట్టి, లోపల మనిషి లేచినట్టు తెలిశాకే పక్కింటికి కదిలేవాడు. కొందరు గొట్టంతో బఠానీలు ఊది కిటికీకి కొట్టేవారు. ఆడవాళ్లూ ఈ పని చేశారు. వారానికి కొన్ని పెన్నీలు కూలి. డరమ్ బొగ్గుగని ఊళ్లలో గుమ్మం పక్కన పలక వేలాడేది. ఎన్ని గంటలకు లేపాలో గని కార్మికుడు దాని మీద సుద్దముక్కతో రాసి పడుకునేవాడు. ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా ఈ వృత్తి అక్కడక్కడా బతికింది. ఒక్క సంగతి గమనించాలి: తెల్లవారుజామున లేవడాన్ని ఆ కార్మికులెవరూ తమ మనోబలానికి వదిలేయలేదు. డబ్బిచ్చి మరీ ఇంకో మనిషికి అప్పజెప్పారు.

పరుగు మామూలు జనంలోకి వచ్చిన కథ న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మొదలవుతుంది. ఆర్థర్ లిడియార్డ్ 1917లో అక్కడే పుట్టాడు. చెప్పుల ఫ్యాక్టరీలో పని. ఇంటింటికీ పాలు వేసే పనీ కొన్నాళ్లు చేశాడు. తాను గట్టివాణ్ననే అనుకునేవాడు. ఒకరోజు లిన్‌డేల్ క్లబ్ పెద్ద జాక్ డోలన్ వెంట ఐదు మైళ్లు పరుగెత్తేసరికి ప్రాణం పోయినంత పనైంది. ఇప్పుడే ఇలా ఉంటే వయసు మీదపడ్డాక ఎలా ఉంటుందన్న భయం పట్టుకుంది. అక్కణ్నుంచి తన ఒంటి మీదే ప్రయోగాలు మొదలెట్టాడు. వారానికి ఎన్ని మైళ్లు పరుగెత్తితే ఒళ్లు తట్టుకుంటుంది, ఎక్కడ విరుగుతుంది అని ఏళ్ల తరబడి లెక్క చూసుకున్నాడు. 1950లో ఆక్లాండ్‌లోనే జరిగిన ఎంపైర్ గేమ్స్‌లో మారథాన్ పరుగెత్తాడు.

ఆయన శిష్యులు ఎక్కువగా ఆ చుట్టుపక్కల కుర్రాళ్లే. అందరికీ ఉద్యోగాలున్నాయి. పీటర్ స్నెల్ ఒక క్వాంటిటీ సర్వేయర్ల ఆఫీసులో పనిచేసేవాడు. వారానికి వంద మైళ్లు పరుగెత్తాలన్నది లిడియార్డ్ షరతు. ఆదివారాలు వైటాకెరే కొండల్లో ఇరవై రెండు మైళ్ల దారి. 1960 సెప్టెంబర్ 2న రోమ్ ఒలింపిక్స్‌లో స్నెల్ 800 మీటర్లలో, మర్రీ హాల్బర్గ్ 5000 మీటర్లలో గంటలోపు తేడాతో స్వర్ణాలు గెలిచారు. హాల్బర్గ్ ఎడమ చెయ్యి రగ్బీ ఆటలో దెబ్బతిని చచ్చుబడింది. ఒక బస్తీ గురువుకి ఒకే రోజు రెండు స్వర్ణాలు!

కానీ లిడియార్డ్ చేసిన అసలు మేలు పతకాలు కాదు. ఆట మానేసి బొజ్జలు పెరిగిన వ్యాపారస్తులను, గుండెజబ్బు మనుషులను ఆయన రోడ్డెక్కించాడు. వేగం వద్దు, పోటీ వద్దు, ఆయాసం రాకుండా పరుగెత్తండి అన్నాడు. ఆ రోజుల్లో గుండెపోటు వచ్చినవారికి డాక్టర్లు రాసే మందు మంచం. కాబట్టి ఇది తెగింపే. తర్వాతి కాలంలో ఆక్లాండ్ మేయర్ అయిన కాలిన్ కే పూనుకోవడంతో 1962 ప్రాంతంలో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ ఏర్పడింది. కలిసేది వారాంతాల్లో. ఆఫీసు లేని రోజు, ఇంకా పనులు మొదలుకాని వేళ.

ఆ ఏడాది చివర్లో అమెరికా కోచ్ బిల్ బౌవర్‌మన్ న్యూజిలాండ్ వచ్చాడు. ఒరిగాన్ విశ్వవిద్యాలయంలో ప్రపంచస్థాయి రన్నర్లను తయారుచేసినవాడు. వయసు 51. సరదాగా మావాళ్లతో పరుగెత్తుదురుగాని రమ్మని లిడియార్డ్ పిలిచాడు. ఎదురుగా నిలబడ్డవాళ్లలో ముసలివాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు. ఇదెంత పని అనుకుంటూ బౌవర్‌మన్ బయలుదేరాడు. అర మైలు దాటేసరికి రొప్పు మొదలైంది, గుంపు ముందుకెళ్లిపోయింది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన మాత్రం వెనక్కి తగ్గి, కోచ్‌గారి పక్కనే కబుర్లు చెబుతూ కొండ ఎక్కించాడు. ఆ పెద్దాయనకి అప్పటికే మూడుసార్లు గుండెపోటు వచ్చింది.

అక్కడున్న వారాలన్నీ బౌవర్‌మన్ రోజూ పరుగెత్తాడు, నడుం చుట్టుకొలత తగ్గింది. 1963 మొదట్లో ఊరు చేరగానే యూజీన్‌లోని హేవర్డ్ ఫీల్డ్‌కి జనాన్ని పిలిచాడు. మొదటిసారి కొద్దిమంది వచ్చారు, కొద్ది వారాల్లో వేలల్లో పోగయ్యారు. ఎవరైనా గుండె ఆగి పడిపోతే నెత్తి మీదికి వస్తుందని ఆయనే బెంబేలెత్తి, ఇళ్లకు వెళ్లి మీ పేటల్లోనే పరుగెత్తండని పంపేశాడు. గుండె వైద్యుడు వాల్డో హారిస్‌తో కలిసి చిన్న చిన్న బృందాలతో పద్ధతి తయారుచేశాడు. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగానే వెళ్లాలన్నది అందులో కొలత. 1967లో ఇద్దరూ కలిసి రాసిన ‘జాగింగ్’ పుస్తకం పది లక్షలకు పైగా అమ్ముడైంది.

మాట్లాడగలిగినంత అన్న ఆ కొలతకు పక్కన ఇంకో మనిషి ఉండాలి! పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇది. జాగింగ్ పుట్టినప్పుడు ఒంటరి పరుగు కాదు. కాలక్రమంలో దాన్ని అలారానికీ, పట్టుదలకీ సంబంధించిన వ్యవహారంగా మార్చేశారు. జనవరి 1న బూట్లు కొని సంక్రాంతికల్లా అటకెక్కించేవాళ్లు ఇంతమంది ఉండటానికి అదే కారణమని ఈ వ్యాసకర్త నమ్మకం.

అమెరికాలో ఇది ఉద్యోగుల అలవాటుగా మారింది. ఆఫీసుకు ముందో, తర్వాతో పరుగెత్తాలి. సాయంత్రం ఇంట్లో పిల్లలు, పార్టీలు. మిగిలింది పొద్దుటిపూటే. సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ ఇంటి నుంచి కాపిటల్ భవనం దాకా కొన్ని మైళ్లు పరుగెత్తుకుంటూ ఉద్యోగానికి వెళ్లేవాడు. చూసేవాళ్లకు మాత్రం ఇదంతా పిచ్చిగానే తోచింది. 1968లో స్ట్రామ్ థర్మండ్ అనే మరో సెనేటర్ దక్షిణ కరోలినాలో రోడ్డు మీద పరుగెత్తుతుంటే అనుమానించి పోలీసులు ఆపేశారు. అదే ఏడాది వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ ‘ఏరోబిక్స్’ రాశాడు. పన్నెండు నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరో చూసే ఆయన పరీక్ష ఇప్పటికీ వాడుకలో ఉంది.

1977లో జిమ్ ఫిక్స్ అనే అమెరికన్ పరుగు మీద రాసిన పుస్తకంతో ఈ వెర్రి తలకెక్కింది. రోజుకు రెండు ప్యాకెట్ల సిగరెట్లు కాల్చే ఈ మనిషి 35వ ఏట పరుగు మొదలెట్టి, సిగరెట్ మానేసి, సన్నబడ్డాడు. 1984 జూలై 20న వెర్మాంట్‌లో పరుగెత్తుతూనే గుండె ఆగి పోయాడు. వయసు 52. వాళ్ల నాన్న 43కే గుండెజబ్బుతో చనిపోయాడు. పరుగే చంపిందని వాదించినవాళ్లకు ఈ సంగతి అంతగా పట్టలేదు.

గుంపుగా పరుగెత్తడమంటే ఏమిటో తెలియాలంటే కెన్యా వైపు ఒక్కసారి చూడాలి. సముద్రమట్టానికి దాదాపు 2,400 మీటర్ల ఎత్తున్న ఇటెన్ ఊళ్లో పొద్దున ఆరింటికి ఎర్రమట్టి రోడ్డు కూడలిలో గుంపులు పోగవుతాయి. టైముకి రానివాడి కోసం ఎవరూ ఆగరు. ప్రపంచ చాంపియన్ అయినా అంతే.

తెలుగునాట పొద్దుటి పరుగుకి ఎండే తొలి గురువు. మే నెలలో ఏడున్నరకే నెత్తి చురుక్కుమంటుంది, ఎనిమిదికి రోడ్లు బళ్లతో నిండిపోతాయి. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ, ఇందిరా పార్కులో, ఉస్మానియా క్యాంపస్‌లో నడకరాయుళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. 2007లో హైదరాబాద్ రన్నర్స్ సొసైటీ ఏర్పడ్డాక పరుగు బృందాలు పేటపేటకీ పెరిగాయి. 2011లో మొదలైన నగర మారథాన్ ఏటా ఆగస్టు చివర్లో చీకటి ఉండగానే మొదలవుతుంది. ఈ బృందాల వాట్సాప్ గ్రూపుల్లో ‘నాలుగున్నరకి గేటు దగ్గర’ అన్న మెసేజ్ చేసే పని, ఒకప్పటి వెదురుగడ చేసిన పనే.

ఇందులో ఒక వెలితి ఉంది. పొద్దున గంటసేపు ఎవరి సొత్తూ కాదన్నది మగవాళ్ల లెక్క. పిల్లల లంచ్ బాక్సులు, నీళ్ల మోటారు, కాఫీ డికాక్షన్ ఎవరి నెత్తిన ఉన్నాయో వాళ్లకు ఆ గంట ఖాళీ కాదు. పరుగు బృందాల్లో ఆడవాళ్లు పెరుగుతున్నారంటే, ఇంట్లో ఎవరో స్టవ్ వెలిగిస్తున్నారని అర్థం.

ఇక ఏ మారథాన్ ఫొటోలోనూ కనిపించని రన్నర్లున్నారు. కానిస్టేబుల్ ఉద్యోగాలకు, ఆర్మీ ర్యాలీలకు తయారయ్యే పల్లెటూరి పిల్లలు. తెలంగాణ పోలీసు నియామకాల్లో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 1600 మీటర్ల పరుగు ఉంది. కోచింగ్‌కి పోయేలోపు, కూలికి పోయేలోపు సాధన పూర్తి కావాలి. వాళ్లకు దొరికే ట్రాక్ తరచూ తారురోడ్డే. నగరంలోనే దిక్కులేదు: 2023 జూలైలో హైదరాబాద్ శివార్లలోని బండ్లగూడ జాగీర్‌లో పొద్దున్నే నడకకు వెళ్లిన తల్లీకూతుళ్లు కారు ఢీకొని చనిపోయారు. విశాఖలో బీచ్ రోడ్డు మీద పొద్దున కొన్ని గంటలు వాహనాలు ఆపుతున్నారు. ఆ ఏర్పాటు అన్ని ఊళ్లలో కుదరకపోవచ్చు. హైస్కూళ్లకు, జూనియర్ కాలేజీలకు మాత్రం చాలా మండలాల్లో మైదానాలున్నాయి, వాటికి గేట్లున్నాయి, గేట్లకు తాళాలున్నాయి. ఆ తాళం పొద్దున నాలుగున్నరకే తీయించే ఉత్తర్వు స్థానిక అధికారులు ఇవ్వాలి, రెండు దీపాల కరెంటు బిల్లు భరించాలి.