సింకోనా బెరడు: శుద్ధియు దిగుబడియు

కలకండ కట్టించిన యిల్లాండ్రకు మేము చెప్పబోవు విషయము సగము తెలిసినదే. పాకము చల్లారి పలుకులు కట్టినపుడు తీపి యంతయు పలుకులలోనికి రాదు; కొంత అడుగు పాకములోనే నిలిచిపోవును. పలుకులు ఇంకను తెల్లబడవలెనని మరల కరగించి మరల కట్టించినచో ప్రతిసారియు కొంత తరుగు పోవును. మొక్కలనుండి ఆల్కలాయిడులను తీయువారికి శుద్ధికిని దిగుబడికిని నడుమనుండు తగవు ఇట్టిదే. కలకండలో మిగిలిన పాకము పానకమునకైన పనికివచ్చును. మన యిండ్లలో కొయినా యని పిలువబడిన క్వినైను విషయమున ఆ తరుగు ఎవరి పాలు కావలసినదో విచారింపదగియున్నది.

సింకోనా బెరడునుండి క్వినైనును మొదట వేరుచేసినవారు పారిసు నగరపు ఔషధశాస్త్రజ్ఞులు పెల్లెత్యే, కావంతూ, అది 1820లో. అయితే బెరడులో క్వినైను ఒంటరిగా లేదు. క్వినిడీను, సింకోనీను, సింకోనిడీను అను మరి మూడు ముఖ్యమైన ఆల్కలాయిడులు దానితో కలిసియుండును. ఇవి గంధకామ్లముతో కూడినపుడు క్వినైను సల్ఫేటు నీట మిక్కిలి తక్కువగా కరగును గనుక ముందుగా అదియే తెల్లని సూదులై పేరును. తక్కినవి చాలవరకు ద్రవములో నిలుచును. వర్తకులు సూదులకు వెల గట్టిరి. ద్రవములోని వానిని చిన్నచూపు చూచిరి.

1860లో మార్కమ్ నడిపిన యాత్ర ఫలముగా దక్షిణ అమెరికానుండి సింకోనా విత్తనములును మొక్కలును నీలగిరులకు చేరెను. అచ్చట మెకైవర్ పెంచిన తోటలలో ఎఱ్ఱబెరడు జాతి బాగుగా పట్టుకొనెను. ఆ బెరడులో ఆల్కలాయిడులు మొత్తముమీద సమృద్ధిగానే యుండెను గాని, వానిలో క్వినైను పాలు కొంచెము. సింకోనిడీను పాలు హెచ్చు. క్వినైను మాత్రమే మందైనచో ఆ తోటల శ్రమలో చాలభాగము వ్యర్థమే. గోదావరి, విశాఖ మన్యములలో చలిజ్వరమునకు గురియైన కుటుంబముల నెఱిగిన వారికి ఈ ప్రశ్న బరువు వేరుగ చెప్పనక్కరలేదు.

1866లో చెన్నపురి ప్రభుత్వము నియమించిన వైద్యసంఘము ఈ ప్రశ్ననే రోగుల పడకలయొద్ద పరీక్షించెను. చలిజ్వర రోగులు 2,472 మందికి ఈ నాలుగు మందులను వేరువేరుగ నిచ్చిరి. 2,445 మందికి జ్వరము విడిచెను. 27 మందికి విడువలేదు. వేయిమందికి లెక్కకట్టినచో గుణమీయనివి క్వినిడీనుకు 6, క్వినైనుకు 7, సింకోనిడీనుకు 10, సింకోనీనుకు 23. ఆనాటికి మలేరియా క్రిమిని ఎవరును చూచియుండలేదు. లావెరాన్ దానిని కనుగొన్నది 1880లో. కాబట్టి జ్వరము విడుచుటయే వారికి కొలత. ఆ లోపమును లెక్కకు తెచ్చుకొన్నను, ద్రవములో నిలిచినవి చెత్త కావని ఆ యంకెలు చాటుచున్నవి. ఇంతటితో తగవు తీరవలసినదని మాకు తోచును. తీరలేదు.

డార్జిలింగు ప్రాంతమున మంగ్‌పూలో వుడ్ అను రసాయనజ్ఞుడు 1874 మొదలుకొని వేరొక దారి త్రొక్కెను. బెరడును ఆమ్లజలముతో నానబెట్టి, ఆ కషాయములో కాస్టిక్ సోడా పోసి, అడుగున దిగిన ఆల్కలాయిడులన్నిటిని కలిపియే ఆరబెట్టి పొడిచేయించెను. సింకోనా ఫెబ్రిఫ్యూజు, అనగా సింకోనా జ్వరహరము, అను పేర అది చౌకగా అమ్ముడుపోయెను. దానివలన కొందరికి వికారము, వాంతి కలిగెను. వైద్యుల అనుమానమునకు అదియొక్కటే కారణము కాదు. తెల్లని సూదులను కంటితో పోల్చుకొనవచ్చును. కలగలుపు పొడిలో ఏది యెంత యున్నదో ఎవరు చెప్పగలరు? శుద్ధి యనునది ఇచ్చట పూచీ. ఆ పూచీని కోరిన వైద్యుని మేము తప్పుపట్టజాలము. కాని పూచీకైన వెల పేదవాని జేబునుండి వచ్చినదని మరువజాలము.

ఆమ్లముతో తీయునపుడు బెరడులోనే చాల ఆల్కలాయిడు మిగిలిపోవుచుండెను. 1887లో మంగ్‌పూలో గామీ ఆ లోటును తీర్చెను. బెరడు పొడిని సున్నముతో కలిపి, ఫ్యూజెల్ తైలము చేర్చిన కిరసనాయిలులో చిలికినచో, బంధము వీడిన ఆల్కలాయిడు నూనెలోనికి వచ్చును. ఆ నూనెను పలుచని ఆమ్లముతో కడిగినచో మరల నీటిలోనికి దిగును. అట్లు దిగుబడి పెరిగి, శుద్ధమైన క్వినైనే చౌక కాజొచ్చెను. 1892 మొదలు వంగదేశపు తపాలాకచ్చేరీలలో క్వినైను పొట్లము ఒక్కొక్కటి కాసుకు అమ్మిరి.

ఇంతలో తగవు కర్మాగారమునుండి చెట్టుకే తరలిపోయియుండెను. బొలీవియాలో మమానీ అను ఆదివాసి సేకరించిన విత్తనములను ఆతని యజమాని లెడ్జర్ 1865లో అమ్మజూపగా, ఆంగ్ల ప్రభుత్వము వలదనెను; డచ్చివారు కొంత కొనిరి. తరువాత మరల విత్తనములు సేకరించినందుకు మమానీ చెరసాలలో దెబ్బలు తిని, విడుదలైన కొలదికాలమునకే మరణించెను. జావాలో మొలచిన ఆ చెట్లలో కొన్నింటి బెరడున క్వినైనే నూటికి 13 పాళ్లవరకు కానవచ్చెను. ఎఱ్ఱబెరడుతో చేసిన పెనుగులాట అంతయు అక్కడ అనవసరమయ్యెను. కొలదికాలములో లోకపు క్వినైను చాలవరకు జావా చేతిలోనికి పోయెను.

నానాజాతి సమితి మలేరియా సంఘము 1930 తరువాత టోటాక్వినా అను మిశ్రమమునకు కొలతలు గట్టెను: పలుకులు కట్టు ఆల్కలాయిడులు నూటికి 70కి తక్కువ కారాదు, క్వినైను 15కు తక్కువ కారాదు. కలగలుపు పొడికి అరువదేండ్లనాడు లేని పూచీ ఇట్లు అంకెల రూపమున దొరకెను. 1942లో జపానువారు జావాను పట్టుకొనగా, మిత్రరాజ్యములు క్వినైనుకై కటకటలాడి టోటాక్వినాను వెదకికొనిరి. చెన్నపురి వైద్యులు వేరువేరుగ తూచిన ఆ నాలుగును ఒక్క పొడియై మరల రోగులయొద్దకు వచ్చెను.