తార్నాక విద్యానగరమును, తెలుగు బాలికల చదువును

తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవువారు ఆర్ట్సు కళాశాల సౌధమును చూచి అచ్చెరువొందుదురే కాని, ఆ నేల పూర్వకథను తలచువారు అరుదు. అడిక్‌మెట్టు ప్రాంతపు ఈ భూములు ఒకప్పుడు ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా (1768–1824) జాగీరు. ఇచ్చటి తోటకు తీగెకంచెయు కావలి నాకాయు ఉండుటచే తార్నాక అను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఒక విదుషీమణి ఏలిన నేలమీద లేచిన విద్యాలయము మన ఆడుబిడ్డల కెంతవరకు అందినదో విచారింపదగును.

నిజాము ప్రభుత్వము స్త్రీవిద్యకు ధన మీయలేదనుట న్యాయము కాదు. 1895లో సరోజినీ దేవికి విద్యార్థివేతన మిచ్చి ఇంగ్లండునకు పంపినది ఆ ప్రభుత్వమే. 1918లో విశ్వవిద్యాలయము వెలసినది; 1924లో స్త్రీల కళాశాలయు ఏర్పడినది. అయితే బోధనాభాష ఉర్దూ. తెలుగు మాత్రమే నేర్చిన బాలికకు ఆ ద్వారము తెరచియుండియు మూసినట్లే.

మాడపాటి హనుమంతరావుగారు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమముతో బాలికల పాఠశాలను నెలకొల్పిరి. ఇంటిముందటి విశ్వవిద్యాలయము వారికి ఉపకరింపలేదు. అందుచే ఆ పాఠశాలను దూరదేశమునందలి కార్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధము చేయవలసివచ్చెను! మాతృభాషలో బోధింపవలెనను నియమముతో ధోండో కేశవ కార్వే పండితుడు 1916లో పూనాలో స్థాపించిన సంస్థ అది. ఆయన స్వదేశమునను విదేశములలోను తిరిగి చందాలు ప్రోగుచేసెను. 1920లో బొంబాయి వర్తకుడు విఠల్‌దాస్ ఠాకర్సీ 15 లక్షల రూపాయలు విరాళమిచ్చి, తన తల్లి నాథీబాయి పేరు దానికి పెట్టించెను. ఒక గుజరాతీ తల్లి పేరిట వెచ్చించిన ధనము హైదరాబాదు తెలుగు పిల్లలకు నీడయైనది. ఆ విశ్వవిద్యాలయమునకు 1951లో గాని శాసనబద్ధమైన గుర్తింపు రాలేదు. కనుక ఆ పట్టాలను నమ్ముకొని కూతుండ్రను చదివించిన తండ్రుల సాహసము మెచ్చదగినది.

జీతమొక్కటియే చదువునకు అడ్డు కాదు. పల్లెటూరి పిల్లకు పట్టణమున తల దాచుకొను చోటు కావలెను. నా యభిప్రాయమున అసలు ఖర్చు అదియే. దుర్గాబాయమ్మగారు వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరబోగా, స్త్రీలకు వసతిగృహము లేదను మాట అడ్డువచ్చెను. ఆమె చదువగోరు బాలికలను కూడగట్టి వసతి ఏర్పాటు చేసికొని, 1939లో ఆనర్సు పట్టము పొందిరి. 1958లో భారత ప్రభుత్వము నియమించిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమెయే అధ్యక్షురాలు. 1937లో మద్రాసున ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభకు చెందిన విద్యాసంస్థలు నేడు ఉస్మానియా ప్రాంగణము దాపుననే ఉన్నవి.

స్త్రీల కళాశాల 1949లో కోఠీలోని పాత బ్రిటిషు రెసిడెన్సీ భవనమునకు తరలినది. 2022లో అది మహిళా విశ్వవిద్యాలయమైనది. 2024లో దానికి, పాలకుర్తిలో తన పంటభూమికై దేశ్‌ముఖు నెదిరించి నిలిచిన చాకలి ఐలమ్మ పేరు పెట్టిరి.