రైలుకు అందే మాట: టోకెన్ బంతి నుంచి కవచ్ దాకా

1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులోని నారిచ్ దగ్గర, థోర్ప్ అనే చోట ఒకే లైను మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకున్నాయి. పాతిక మంది చనిపోయారు. టెలిగ్రాఫ్ తీగలో లోపం లేదు. సందేశం చేరాల్సిన చోటికే చేరింది. అయితే ఎదుటి రైలును పంపమన్న ఆ సందేశం మీద అధికారి సంతకం పెట్టలేదు. సంతకం పడకుండానే గుమాస్తా దాన్ని పంపేశాడు. మాట ఎంత త్వరగా చేరిందన్నదానితో పాటు అది ఎవరి మాట, దాన్ని నమ్మవచ్చా అన్న ప్రశ్న ఆ రాత్రి నుంచి రైల్వేలను వెంటాడుతూనే ఉంది.

ఆ ప్రమాదం తర్వాత ఎడ్వర్డ్ టయర్ ఎలక్ట్రిక్ టాబ్లెట్ యంత్రాన్ని తయారుచేశాడు. అదే సూత్రం మీద పనిచేసే నీల్స్ బాల్ టోకెన్ మన దేశంలో సింగిల్ లైన్ల మీద చాలాకాలం రాజ్యమేలింది. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు, వాటి మధ్య తీగ. అవతలి స్టేషన్ మాస్టరు ఒప్పుకుంటేనే ఇవతల ఒక లోహపు బంతి బయటికొస్తుంది. అది తిరిగి యంత్రంలో పడేదాకా ఆ సెక్షనుకు రెండో బంతి రాదు. బంతి ఉన్న సంచిని పెద్ద రింగుకు కట్టి పోర్టరు పైకెత్తి పట్టుకుంటే, కదిలే ఇంజనులోంచి చేయి చాపి అందుకునేవారు. అనుమతీ అదే, రుజువూ అదే. దొంగ సందేశానికి అందులో చోటే లేదు. కాకపోతే బండి స్టేషను దాటాక డ్రైవరుకు మరో మాట చెప్పే దారి కూడా లేదు.

ఆ దారి రేడియోతో తెరుచుకుంది. యూరప్‌లో దేశానికో రేడియో పద్ధతి ఉండేది. దాంతో సరిహద్దులు దాటే రైళ్లకు చిక్కులు తప్పేవి కావు. 1990లలో అంతర్జాతీయ రైల్వే సంఘం యూఐసీ చొరవతో సెల్‌ఫోన్ల జీఎస్ఎం నుంచే జీఎస్ఎం-ఆర్ పుట్టింది. గంటకు 500 కిలోమీటర్ల వేగంలోనూ తెగకుండా పనిచేసేలా దాన్ని రూపొందించారు. యూరప్ రైళ్ల నియంత్రణ వ్యవస్థ ఈటీసీఎస్ రెండో స్థాయిలో రైలు ఎంతదూరం, ఎంత వేగంతో వెళ్లవచ్చో ఈ రేడియో ద్వారానే డ్రైవరు తెరమీదికి వస్తుంది. ఈ సందేశాలకు రహస్య కీతో తయారైన ముద్ర ఉంటుంది. అయితే మొదట్లో ఒక్కో రైలు ఒక్కో ఫోన్ కాల్‌ లాగా ఛానెల్‌ను ఆక్రమించడంతో పెద్ద జంక్షన్లలో ఛానెళ్లు చాలలేదు. అందుకే ప్యాకెట్ పద్ధతిని తెచ్చారు. ఇప్పుడు 5జీ మీద నడిచే తర్వాతి తరం రైల్వే రేడియో ఎఫ్ఆర్ఎంసీఎస్ కోసం సిద్ధమవుతున్నారు.

ముద్ర లేని రేడియో ఏం చేయగలదో 2023 ఆగస్టులో పోలండ్ చూసింది. అక్కడి పాత రేడియోలో మూడు స్వరాలు వరుసగా వినిపిస్తే చాలు, చుట్టుపక్కల రైళ్లు ఆగిపోతాయి. ఆ స్వరాలు ఎవరు పంపారో చూసే ఏర్పాటు లేదు. ఎవరో వాటిని గాలిలోకి వదిలితే ష్చెచిన్ ప్రాంతంలో ఇరవైకి పైగా రైళ్లు నిలిచిపోయాయి. ప్రాణనష్టం జరగలేదు గానీ, నకిలీ మాటకు రైళ్లు తలొగ్గాయి.

మన దేశంలో 1999 ఆగస్టు 2న గైసల్ దగ్గర రెండు రైళ్లు ఢీకొన్న ప్రమాదం కనీసం 285 మంది ప్రాణాలు తీసింది. అలాంటి ప్రమాదాలను ఆపేందుకు కొంకణ్ రైల్వేకి సారథ్యం వహించిన ఇంజనీరు బి. రాజారాం జీపీఎస్, రేడియో కలిపి యాంటీ కొలిజన్ డివైస్ రూపొందించారు. ఈశాన్య సరిహద్దు రైల్వేలో దాన్ని అమర్చారు కూడా. కానీ పక్కపక్కనే ఉన్న పట్టాల్లో రైలు దేనిమీద ఉందో జీపీఎస్ కచ్చితంగా చెప్పలేకపోయింది.

ఆ లోటు తీరుస్తూ రైల్వేల పరిశోధన సంస్థ ఆర్డీఎస్ఓ రూపొందించిన ఢీ నివారణ వ్యవస్థ టీకాస్ పెరిగిందంతా తెలుగు నేల చుట్టూనే. లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాల్లో పరీక్షలు జరిగాయి. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్లలో పరీక్షించడం మొదలైంది. మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ అనే మూడు హైదరాబాదు సంస్థలు పరికరాలు తయారుచేశాయి. కవచ్ పేరుతో 2020లో అది జాతీయ వ్యవస్థ అయింది. 2022 మార్చి 4న గుల్లగూడ–చిట్గిద్ద స్టేషన్ల మధ్య ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో రైల్వే మంత్రి ఎక్కిన ఇంజను తనంతట తానే ఆగింది.

స్లీపర్లకు బిగించిన ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు ఏ పట్టా మీద, ఎక్కడ ఉన్నామో ఇంజనుకు చెబుతాయి. స్టేషను టవరు, ఇంజను యూహెచ్ఎఫ్ రేడియోలో తమతమ వంతు సమయంలో మాట్లాడుకుంటాయి. ఆ వంతులు పరిమితం కాబట్టి రద్దీ పెరిగేకొద్దీ ఇరుకవుతుంది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం రైల్వేలకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండులో 5 మెగాహెర్ట్జ్ కేటాయించి 4జీ సాంకేతికత ఎల్‌టీఈకి బాట వేసింది. 2024 జూలైలో కవచ్ కొత్త రూపం 4.0కు ఆమోదం దక్కింది.

కవచ్ విస్తరణ ఇంకా వేగం అందుకోవాలి. 2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనకనుంచి ఢీకొన్న లైనులో కవచ్ లేదు. అయితే ఎన్ని కిలోమీటర్లు పూర్తయిందన్న ఒక్క లెక్కతో తృప్తిపడకూడదు. సందేహం వస్తే బండిని ఆపడమే రైల్వే భద్రతకు మూలసూత్రం. కాబట్టి రేడియోను అడ్డగించినవాడు రైళ్లను ఢీకొట్టించలేకపోయినా, ఎక్కడికక్కడ నిలిపివేయగలడు. అలా నిలిచిన ప్రతి సందర్భంలోనూ సిబ్బందికి వ్యవస్థ మీద నమ్మకం సడలుతుంది, దాన్ని పక్కనపెట్టాలన్న ఒత్తిడి పెరుగుతుంది. టవర్లకు ఎంత శ్రద్ధ పెడుతున్నామో, సందేశాలకు ముద్ర వేసే రహస్య కీలు ఎవరి చేతిలో ఉన్నాయి, ఎప్పుడు మారుతున్నాయి, పోయిన పరికరంలోని కీని ఎంత త్వరగా రద్దు చేస్తున్నాం అన్నదాని మీదా అంతే శ్రద్ధ పెట్టాలి. దానికి స్వతంత్ర తనిఖీ ఉండాలి, ఫలితాలు ప్రజల ముందుకు రావాలి.